పోవాల, పోవాల్సొచ్చె, పోకతప్పదు: ఇంగ్లీషు ‘మస్ట్’ సంగతి

తిరుపతి బస్టాండుకు దగ్గర్లో ఉన్న ఒక లాడ్జిలో రాత్రిపూట కౌంటర్లో కూర్చునే కుర్రాడొకడు సాయంత్రాలు నా దగ్గరికి ఇంగ్లీషు నేర్చుకోవడానికి వస్తాడు. ఒకరోజు వచ్చీరాగానే, “సార్, రాత్రి ఒక ఫారినాయనతో గొడవైపోయింది” అన్నాడు.

“ఏం చేసినావబ్బా?”

“ఏం చేయలేదు సార్, మంచే చెప్పినా. పాపం, కొండకు నడిచిపోయొచ్చి అలిసిపోయుండాడు. పొద్దున పదకొండు దాకా రూము ఖాళీ చేయాల్సిన పన్లేదు, నిమ్మళంగా పండుకోమని చెప్దామని... ‘యూ మస్ట్ నాట్ వెకేట్ బిఫోర్ లెవన్ సార్’ అన్నా. అంతే.”

ఆ పెద్దమనిషి పొద్దున్నే లేచి చెన్నైకి బయల్దేరాలి. పదకొండుకు ముందు గది వదిలితే ఒప్పుకోమంటున్నారని ఆయనకు అర్థమైంది. ఎందుకు వదలకూడదు, నేను కట్టాల్సిందేమన్నా మిగిలిందా అని అడిగాడట. మావాడు ఇంకాస్త మర్యాద కలిపి, “నో పేమెంట్ సార్, మస్ట్ నాట్, మస్ట్ నాట్” అని రెండుసార్లు భరోసా ఇచ్చాడు. ఓనరు కిందికి దిగొచ్చి చేతి సైగలతో సర్ది చెప్పేదాకా ఆయన తన పాస్‌పోర్టు సంచీని గుండెకు హత్తుకునే నిలబడ్డాడట.

ఇందులో కుర్రాడు లెక్క తప్పలేదు. ‘చేయాలి’ అంటే మస్ట్ అని బళ్ళో చెప్పారు. లేదు, కాదు అనడానికి నాట్ అన్నారు. రెండూ కలిపితే ‘చేయాల్సిన పన్లేదు’ కావాలి మరి. ఎందుకు కాలేదో చెప్పాలంటే ముందు మన ‘చేయాలి’ సంగతి చూడాలి. ఇంగ్లీషు గ్రామరు పుస్తకాలు ఈ పని చేయవు. మస్ట్ అన్నిటికన్నా గట్టిది, దాని కింద హ్యావ్ టు, దాని కింద షుడ్, ఆ కింద ఆట్ టు అని నిచ్చెన మెట్లలాగా పేర్చేసి పోతాయి. నా అనుభవంలో ఆ నిచ్చెన ఎక్కి ఇంగ్లీషు మాట్లాడినవాణ్ణి నేను చూడలేదు.

మన ‘ఆలి’ ఎక్కడిది

గుళ్ళ ముందు పాత బోర్డులు ఇప్పటికీ కనిపిస్తాయి: ‘పాదరక్షలు ఇచ్చట విడువవలెను’. ఆ ‘వలెను’ నలిగి నలిగి ‘ఆలి’ అయింది. విడువవలెను, విడవాలి. మన సీమలో కొందరు పెద్దవాళ్ళు ‘పోవల్ల’, ‘చెయ్యల్ల’ అంటారు, దాంట్లో ‘వలె’ ఆనవాలు ఇంకా వినిపిస్తుంది. మూలం ‘వలయు’ అనే క్రియ. దానికి అసలు అర్థం కోరుకోవడం, అవసరపడటం. ‘కావలయును’ నుంచి ‘కావాలి’ వచ్చింది. అంటే ‘నాకు కాఫీ కావాలి’లో ఉన్నదీ ‘నేను ఆఫీసుకు పోవాలి’లో ఉన్నదీ ఒకటే మాట. ఒకటి కోరిక, ఇంకొకటి బాధ్యత. మనకు రెండూ ఒకే గిన్నెలో ఉంటాయి.

దీని వల్ల వచ్చే తిప్పలు ఇంటర్వ్యూల్లో చూడాలి. ‘నేను కలెక్టరు కావాలి’ అని మనసులో అనుకున్న అమ్మాయి ‘ఐ షుడ్ బికం ఎ కలెక్టర్’ అంటుంది. వినేవాడికి ఎవరో ఆ పిల్లని కలెక్టరు కమ్మని తరుముతున్నట్టు వినిపిస్తుంది. ఆమె చెప్పదల్చుకున్నది ‘ఐ వాంట్ టు’. ఇంకో పక్క, కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ ‘ఇంటికి పోవాలి సార్’ అనుకున్నవాడు ‘ఐ వాంట్ టు గో హోమ్’ అంటాడు, మేనేజరుకు అది సరదాగా వినిపిస్తుంది. వాడికి కావాల్సింది ‘ఐ నీడ్ టు’. తెలుగులో ముఖం చూసి, గొంతు విని ఏ ‘ఆలి’ అయిందీ కనిపెడతాం. ఇంగ్లీషులో ఆ పని క్రియే చేయాలి.

ఇప్పుడు అసలు ముడి. ‘ఆలి’కి నేరుగా వ్యతిరేకం లేదు. ‘చేయాలి కాదు’, ‘చేయాలి లేదు’ అని ఎవరూ అనరు. వద్దు అనాల్సి వస్తే వేరే మాట తెచ్చుకుంటాం, ఆ మాటలు రెండు రకాలు. ఒక రకం అడ్డుకునేవి: చేయకూడదు, చేయరాదు, చేయొద్దు. ఇంకో రకం వదిలేసేవి: చేయక్కర్లేదు, చేయనవసరం లేదు, చేయాల్సిన పన్లేదు. మొదటి రకం చేతికి సంకెళ్ళు వేస్తుంది. రెండో రకం నెత్తిమీది బరువు దించుతుంది. తెలుగువాడు ఈ రెండూ కలగలిపి మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. పిల్లలు కూడా తప్పు చేయరు.

(చిన్న తమాషా. ‘వద్దు’ అనేది పాత ‘వలదు’ నుంచి వచ్చింది. ‘వలదు’ అంటే ‘వలయు’కే వ్యతిరేకం. ‘అక్కర్లేదు’ అని అర్థం రావాల్సిన మాట వాడగా వాడగా ‘చేయకు’ అనే కట్టడి అయిపోయింది. మన పొరుగున తమిళంలో ‘వేండాం’ది కూడా అదే కథ. చిత్తూరు సరిహద్దులో పెరిగినవాళ్ళకు ఇది విడిగా చెప్పక్కర్లేదు.)

ఇంగ్లీషులో మస్ట్ పక్కన నాట్ పెడితే ఆ నాట్ మస్ట్‌కు తగలదు, తర్వాత వచ్చే పనికి తగులుతుంది. ‘మస్ట్ నాట్ వెకేట్’ అంటే ‘ఖాళీ చేయకపోవడం నీకు తప్పనిసరి’ అని. సంకెళ్ళు. ‘డోంట్ హ్యావ్ టు వెకేట్’లో డోంట్ ముందే వచ్చి హ్యావ్ టూని పట్టుకుంటుంది: ఆ తప్పనిసరి నీకు లేదు, నీ ఇష్టం. బరువు దిగింది. లాడ్జి కుర్రాడు బరువు దించబోయి సంకెళ్ళు వేశాడు.

దీన్ని గుర్తుపెట్టుకోవడానికి మా బ్యాచిలో వాడే వాక్యం ఒకటుంది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది. అంతకుముందు కలెక్టరేటులో ఏ పని పడినా డెబ్భై కిలోమీటర్ల దూరం చిత్తూరుకు పోవాలి. ఇప్పుడు? ‘వియ్ డోంట్ హ్యావ్ టు గో టు చిత్తూరు.’ పోవాల్సిన పన్లేదు. అదే ‘వియ్ మస్ట్ నాట్ గో టు చిత్తూరు’ అంటే రెండు జిల్లాల మధ్య కంచె వేసినట్టు. ఈ ఉదాహరణ చెప్పిన రోజు క్లాసులో ఒక చిత్తూరు పిల్ల లేచి, “మా ఊరికి రావద్దంటే ఎట్లా సార్, పెండ్లికన్నా రావాల కదా” అంది. ఆ బ్యాచిలో మళ్ళీ ఎవరూ ఈ తప్పు చేయలేదు.

ఎవరు చేయమంటున్నారు?

మిగతావాటికి నా దగ్గరున్న తాళంచెవి ఒకటే. ఎంత గట్టిగా చేయాలి అని చూడొద్దు, ఎవరు చేయమంటున్నారు అని చూడు.

మాట్లాడేవాడి నోట్లోంచే ఆ తప్పనిసరి పుడితే మస్ట్. రూలు, పరిస్థితి, పైవాడు, ఇలా బయటినుంచి వస్తే హ్యావ్ టు. అలిపిరి చెక్‌పోస్టు దగ్గర సంచులు దించి స్కానింగు చేయించాలి. అది మీ నిర్ణయం కాదు, అక్కడి పద్ధతి. వెంట వచ్చిన స్నేహితుడికి ‘వియ్ హ్యావ్ టు గెట్ అవర్ బ్యాగ్స్ చెక్డ్ హియర్’ అని చెప్తాం. అక్కడి బోర్డు మీద మాత్రం ‘ఆల్ బ్యాగ్స్ మస్ట్ బి స్కాన్డ్’ అని ఉంటే సరిగ్గానే ఉంటుంది, ఎందుకంటే ఆ మాట అంటున్నది రూలు పెట్టినవాళ్ళే. ఒకే పని. పెట్టినవాడు మస్ట్ అంటాడు, మోసేవాడు హ్యావ్ టు అంటాడు.

మొక్కు సంగతి ఇంకా బాగుంటుంది. ‘బిడ్డకు నయమైతే తలనీలాలిస్తానని మొక్కుకున్నా, కొండకు పోవాల’ అని ఒకామె అంటే, ఆమెను ఎవరూ పొమ్మనలేదు. ఆమె మాటే ఆమెను కట్టింది. ఇక్కడ ‘ఐ మస్ట్ గో’ అందంగా అతుకుతుంది. ఆమె భర్త ఆఫీసులో సెలవు అడుగుతూ ‘ఐ హ్యావ్ టు గో టు తిరుమల విత్ మై వైఫ్’ అంటాడు. మొక్కు ఆమెది, ప్రయాణం మాత్రం ఆయన మీద పడింది.

ఇది గీత గీసినట్టుండే నియమం కాదని కూడా చెప్పాలి. మాటల్లో, ముఖ్యంగా అమెరికా ఇంగ్లీషులో, రెండు చోట్లా హ్యావ్ టూనే దొర్లుతుంది. మస్ట్ మెల్లగా తగ్గిపోతోంది. 1961లో అచ్చయిన రచనలనూ 1990ల మొదట్లో అచ్చయినవాటినీ పక్కపక్కన పెట్టి లెక్కేసిన భాషా పరిశోధకులకు, అటు బ్రిటన్‌లోనూ ఇటు అమెరికాలోనూ మస్ట్ వాడకం కొట్టొచ్చినట్టు పడిపోయిందని తేలింది. ఆ చోటులోకి హ్యావ్ టు, నీడ్ టు వచ్చాయి. కారణం ఊహించడం కష్టం కాదు. పెత్తనం చేసేవాడు కూడా పెత్తనం చేస్తున్నట్టు కనిపించకూడదనుకునే కాలం ఇది. బాసు ‘యూ మస్ట్ ఫినిష్ దిస్ టుడే’ అంటే ఆజ్ఞ. ‘యూ నీడ్ టు ఫినిష్ దిస్ టుడే’ అంటే ఏదో నీ ఒంటికి విటమిను అవసరమైనట్టు, నీ మంచికే చెప్తున్నట్టు. పని ఒకటే, గడువూ ఒకటే. నాకైతే ఆ మొదటివాడే నిజాయితీపరుడు అనిపిస్తాడు.

నీడ్ టు అసలు చోటు వేరే ఉంది. పనిలోంచే పుట్టిన అవసరం అది. ఘాట్‌రోడ్డు ఎక్కబోయే ముందు బండి బ్రేకులు చూపించుకోవాలి, కాలినడకన పోయేవాడు నీళ్ళు తాగుతూ ఉండాలి. అలిపిరి దారిలో మూడున్నర వేల పైచిలుకు మెట్లున్నాయి మరి. ఇక్కడ ఎవరి ఆజ్ఞా లేదు, రూలూ లేదు. ఒంటికి, బండికి కావాలి, అంతే.

ఇక మన సొంత సరుకు, ‘మస్ట్ అండ్ షుడ్’. ‘యూ మస్ట్ అండ్ షుడ్ కమ్ ఫర్ మై సిస్టర్స్ మ్యారేజ్.’ ఇటు తిరుపతి నుంచి అటు బెంగళూరు, హైదరాబాదు దాకా ఆఫీసుల్లో దీన్ని వినని రోజుండదు. ఇంగ్లీషువాడికి ఇది అయోమయం, ఎందుకంటే వాళ్ళ లెక్కలో షుడ్ అనేది మస్ట్ కన్నా మెత్తన. పట్టుచీర మీద తువ్వాలు కప్పినట్టుంటుంది వాడికి. మనకు అలా ఎందుకు వినిపించదంటే, మన చెవికి అవి రెండూ ‘ఆలి’కి ఇంగ్లీషు పేర్లే. రెండూ కలిపి అనడం ‘వచ్చి తీరాలి’ అనడానికి, ‘కంపల్సరీ రావాల’ అనడానికి సమానం. తెలుగులో బలం కావాలంటే మాటను జంట చేస్తాం కదా, తప్పక తప్పదు అన్నట్టు. స్నేహితుల మధ్య దీన్ని నేను దిద్దను. దరఖాస్తులో రాస్తే దిద్దుతాను.

పెళ్ళి పిలుపు మాటకొస్తే, ఉత్త ‘యూ మస్ట్ కమ్’ చాలు. ఇక్కడ మస్ట్ ఆజ్ఞ కాదు, ప్రేమ. మాట్లాడేవాడి గుండెలోంచి వస్తోంది కాబట్టి అది అంత గట్టిగా ఉన్నా తీపిగా ఉంటుంది. ‘యూ హ్యావ్ టు కమ్’ కూడా గొంతులో నవ్వుంటే నడుస్తుంది. ‘యూ ఆర్ సపోజ్డ్ టు కమ్’ అన్నారో, మీరు రాకపోతే లెక్క తప్పుతుందని గుమస్తా పిలిచినట్టుంటుంది.

బాకీ

షుడ్, ఆట్ టు గురించి చెప్పేటప్పుడు పుస్తకాలు ‘సలహా, నైతిక బాధ్యత’ అని రెండు మాటలు రాసి ఊరుకుంటాయి. వాటి పుట్టుక చూస్తే ఈ ఊరివాళ్ళకు ఇంకా తేలిగ్గా ఎక్కుతుంది.

అప్పు ఉండటానికి ఇంగ్లీషులో ‘ఓ’ అనే క్రియ ఉంది, బాకీ పడటం. దాని పాత భూతకాల రూపమే ‘ఆట్’. ‘ఐ ఆట్ టు’ అంటే మొదట్లో ‘నేను బాకీ ఉన్నాను’. షుడ్ అయితే షల్‌కి భూతకాలం. షల్‌కి పాత ఇంగ్లీషులో అర్థం కూడా బాకీ ఉండటం, కట్టుబడి ఉండటమే. దానికి చుట్టమైన జర్మన్ మాట ‘షుల్ట్’ ఈనాటికీ అప్పు అనీ తప్పు అనీ రెండర్థాలూ ఇస్తుంది.

పెళ్ళి ఖర్చుకు కుబేరుడి దగ్గర అప్పు చేసి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని మనం చెప్పుకునే దేవుడి ఊరిది. వడ్డికాసులవాడి పాదాల దగ్గర కూర్చుని ‘బాధ్యత అంటే బాకీ’ అని ఎవరికి వివరించాలి? దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మనిషి పుట్టడంతోనే మూడు అప్పులతో పుడతాడని చెప్పిన సంస్కృతి మనది. ‘తల్లిదండ్రుల ఋణం తీర్చుకోవాల’ అంటాం. షుడ్‌లో ఉన్నది ఆ ‘ఆలి’. రూలు పుస్తకంలో ఉండదు, పోలీసు రాడు, జరిమానా పడదు. కట్టకపోయినా ఎవరూ ఏమీ చేయలేరు, కానీ బాకీ బాకీగానే ఉంటుంది. అందుకే ‘యూ షుడ్ కాల్ యువర్ మదర్’ అన్నప్పుడు అవతలివాడు కాస్త తల దించుకుంటాడు. ‘యూ హ్యావ్ టు కాల్ యువర్ మదర్’ అంటే ఏమైందోనని కంగారు పడతాడు.

బాకీకి ఇంకో గుణం ఉంది. తీర్చకపోయే వీలుంటేనే అది బాకీ. షుడ్‌లో ఆ తప్పించుకునే సందు ఎప్పుడూ ఉంటుంది. సాఫ్ట్‌వేరు పిల్లలకు ఇది వేరే దారిలో తెలుసు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళు 1997లో ఆర్ఎఫ్‌సీ 2119 అనే చిన్న పత్రంలో ఈ మాటలకు అర్థాలు కట్టేశారు. మస్ట్ అంటే మినహాయింపు లేదు. షుడ్ అంటే సరైన కారణముంటే పాటించకపోవచ్చు, కానీ పర్యవసానం అంతా తెలుసుకుని, తూచి చూసుకుని మరీ ఆ పని చేయాలి. మామూలు ఇంగ్లీషులోని షుడ్‌ను ఇంతకన్నా చక్కగా చెప్పిన గ్రామరు పుస్తకం నాకు తగల్లేదు.

చట్టంలో మాత్రం షల్ పాత బలంతోనే నిలబడింది. ప్రతి పౌరుడి ప్రాథమిక విధుల్ని చెప్పే 51ఏ అధికరణం, 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చింది, ‘ఇట్ షల్ బి ది డ్యూటీ’ అనే మొదలవుతుంది. అయితే ఆ షల్ కూడా అనుకున్నంత తిన్నగా ఉండదు. చట్టంలో షల్ అని ఉన్నా అది సూచన మాత్రమేనని, మే అని ఉన్నా అది తప్పనిసరేనని సందర్భాన్ని బట్టి కోర్టులు తీర్పులిచ్చిన సందర్భాలున్నాయి. ఈ గందరగోళం పడలేకే అమెరికాలో ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నియమాలను 2007లో తిరగరాసినప్పుడు షల్‌ను ఏరేసి చాలా చోట్ల మస్ట్ పెట్టారు. మనం లీజు అగ్రిమెంట్లలో తప్ప షల్ జోలికి పోకపోతే మంచిది.

జరిగిందా, జరగలేదా

మస్ట్‌కు భూతకాలం లేదు. కారణం వింతగా ఉంటుంది: అదే ఒకప్పటి భూతకాలం. ‘అనుమతి ఉండటం’ అనే అర్థమున్న పాత క్రియకు భూతకాల రూపంగా పుట్టి, కాలక్రమంలో వర్తమానంలోకి జారి, ‘తప్పదు’ అనే అర్థానికి తిరిగింది. ఉన్నదే భూతం, దానికి మళ్ళీ భూతం ఎక్కడినుంచి తెస్తాం? హ్యావ్ టు దగ్గర అప్పు తెచ్చుకుంది: ‘హ్యాడ్ టు’.

ఇది తెలియక ఒకతను సెలవు చీటీలో ‘ఐ మస్ట్ వెంట్ టు చిత్తూరు’ అని రాశాడు. దిద్దమని ఎవరో చెప్తే ‘ఐ షుడ్ హ్యావ్ గాన్ టు చిత్తూరు ఎస్టర్‌డే’ అని మార్చాడు. మొదటిది వ్యాకరణం తప్పినా అర్థమవుతుంది. రెండోది వ్యాకరణం పక్కాగా ఉండి మనిషిని ముంచింది. ‘నిన్న చిత్తూరుకు పోవాల్సింది, పోలేదు’ అని దాని అర్థం. “పోలేదంటున్నావు, మరి ఆఫీసుకెందుకు రాలేదు?” అని మేనేజరు అడిగాడు.

ఇక్కడే తెలుగు మనకు ఎంత సాయం చేయగలదో చూడండి. ఈ మాటల్ని ఒక్కసారి నోట్లో తిప్పుకోండి.

పోవాల్సొచ్చింది. పోయినట్టే, ఇష్టం లేకపోయినా పోయాం. అది ‘హ్యాడ్ టు గో’. పోవాల్సింది. పోలేదు, ఇప్పుడు నొచ్చుకుంటున్నాం. అది ‘షుడ్ హ్యావ్ గాన్’. పోవాల్సి ఉండె. అనుకున్నాం, ఏర్పాటూ అయింది, ఏదో అడ్డమొచ్చింది. ‘వాజ్ సపోజ్డ్ టు గో’. పోయుండాలి. మనకు తెలీదు, ఊహిస్తున్నాం. ‘మస్ట్ హ్యావ్ గాన్’. పోకపోయినా సరిపోయేది. పోయాం, కాళ్ళు నొప్పులు తప్ప దక్కిందేం లేదు. ‘నీడంట్ హ్యావ్ గాన్’.

ఒక్క ‘ఒచ్చింది’ చేరితే పని జరిగిపోతుంది, అది తీసేస్తే జరగకుండా పోతుంది. చిత్తూరు పల్లెలో మేకలు కాసుకునే ముసలామె కూడా ఈ ఐదింట్లో ఒకదానికి బదులు ఇంకొకటి అనదు. అంత సూక్ష్మం నోట్లో పెట్టుకుని, ఇంగ్లీషు మాట్లాడాల్సి వస్తే ‘చేయాలి అంటే మస్ట్’ అనే ఒక్క ముక్కతో బయల్దేరుతున్నాం. ఆ సెలవు చీటీ రాసినతను తెలుగులో ఏమనుకున్నాడు? ‘పోవాల్సొచ్చింది’ అనే. దాని జత ‘హ్యాడ్ టు’ అని ఎవరైనా చెప్పి ఉంటే చాలు. గ్రామరు పుస్తకం తెరవాల్సిన పనే ఉండేది కాదు.

అందుకే నేను క్లాసులో ఉత్త ‘చేయాలి’ని అనువదించనివ్వను. ముందు ఆ ‘చేయాలి’కి తోక తగిలించమంటాను. చేసి తీరాలా, చేయక తప్పదా, చేస్తే మంచిదా, లెక్క ప్రకారం చేయాలా, చేయాల్సి ఉంటుందా? తోక దొరికితే ఇంగ్లీషు దానంతటదే వస్తుంది.

‘లెక్క ప్రకారం’ అనేది వీటిలో నాకు మహా ఇష్టం. ‘సపోజ్డ్ టు’కి ఇంతకన్నా సరైన తెలుగు లేదు. ‘లెక్క ప్రకారం బస్సు తొమ్మిదికి రావాల’ అన్నామంటే తొమ్మిదింబావు అయిందని, బస్సు జాడలేదని వినేవాడికి చెప్పకనే తెలుస్తుంది. ‘ది బస్ ఈజ్ సపోజ్డ్ టు కమ్ ఎట్ నైన్’లోనూ అదే నిట్టూర్పు ఉంది. కాగితం మీద ఒకటి, కళ్ళముందు ఒకటి. దీనికి నాట్ చేర్చితే మర్యాదైన కట్టడి అవుతుంది. ఆలయంలోకి సెల్‌ఫోను పట్టుకెళ్ళబోతున్న విదేశీయుణ్ణి ‘యూ మస్ట్ నాట్’ అని ఆపితే గద్దించినట్టుంటుంది. ‘యూ ఆర్ నాట్ సపోజ్డ్ టు టేక్ ఫోన్స్ ఇన్‌సైడ్, సార్’ అంటే, నాదేం లేదు, పద్ధతి అది అని పక్కకు తప్పుకున్నట్టుంటుంది. లాడ్జీల్లో, ట్రావెల్సుల్లో, టాక్సీల్లో పనిచేసేవాళ్ళు ఈ ఒక్క వాక్యం నేర్చుకుంటే సగం గొడవలు తగ్గుతాయి.

‘చేయాల్సి ఉంటుంది’ కూడా అంతే. ‘మీరు రేపు రావాలి’ అనేకన్నా ‘మీరు రేపు రావాల్సి ఉంటుందండీ’ అంటే మనకు మెత్తగా ఉంటుంది. ఇంగ్లీషులోనూ ‘యూ విల్ హ్యావ్ టు కమ్ టుమారో, ఐ యామ్ అఫ్రెయిడ్’ అని భవిష్యత్తులోకి నెడితే గరుకు తగ్గుతుంది. రెండు భాషలూ ఇక్కడ ఒకే ఉపాయం పన్నాయి. కానీ మన ‘అండీ’, ‘గారు’ చేసే పని ఇంగ్లీషు క్రియ చేయదు. ‘మీరిక్కడ సంతకం పెట్టాలి సార్’ అనేది తెలుగులో పూర్తి మర్యాద. ‘సార్, యూ మస్ట్ సైన్ హియర్’ అంటే సార్ అన్నా లాభం లేదు, ఆజ్ఞ ఆజ్ఞే. ‘కుడ్ యూ ప్లీజ్ సైన్ హియర్’ అని అడగడం తప్ప వేరే దారి లేదు.

‘హ్యాడ్ బెటర్’తో జాగ్రత్త. పేరులో బెటర్ ఉంది కదా, మంచిమాట అనుకుని పైఅధికారికి ‘యూ హ్యాడ్ బెటర్ అప్రూవ్ మై లీవ్’ అని పంపినవాళ్ళున్నారు. దాని తెలుగు ‘గమ్మున సంతకం పెడితే మంచిది, లేకుంటే చూస్కో’. బిడ్డల మీద, తమ్ముళ్ళ మీద వాడుకోవచ్చు.

ఊహకు వాడే మస్ట్ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ‘ఈపాటికి అలిపిరి దాటుండాలి’ అన్నప్పుడు అలిపిరి దాటడం ఎవరి బాధ్యతా కాదు. ‘దే మస్ట్ హ్యావ్ క్రాస్డ్ అలిపిరి.’ రెండు భాషలూ బాధ్యత మాటనే ఊహకు తెచ్చుకున్నాయి. ఒక్క తేడా: అలా జరిగుండదు అని ఊహిస్తే ఇంగ్లీషులో మామూలుగా ‘మస్ట్ నాట్’ రాదు, ‘కాంట్’ వస్తుంది. ‘దే కాంట్ హ్యావ్ రీచ్డ్ సో సూన్.’ అంత తొందరగా చేరుండే ప్రసక్తే లేదని.

లాడ్జి కుర్రాడు ఆ వారమే కౌంటరు మీద ఒక కార్డు తయారుచేసి పెట్టాడు. ఫోటో తీసి నాకు పంపాడు. ‘యూ డోంట్ హ్యావ్ టు వెకేట్ బిఫోర్ లెవన్’ అని నీలం సిరాతో, పొందికగా ఉంది. బాగుందని మెచ్చుకున్నా. మూడు రోజులకు ఆ పక్కగా పోతూ తొంగి చూస్తే, కార్డు కింద ఓనరు ఎర్ర స్కెచ్చుపెన్నుతో తన చేత్తో ఇంకో లైను కలిపున్నాడు: ‘కీ మస్ట్ అండ్ షుడ్ రిటర్న్’.